భయపడాల్సింది మొదటి రోజున కాదు

తలపెట్టిన పని ఏదైనా ముందు విఘ్నేశ్వరుణ్ణి తలచుకోవడం తెలుగునాట అందరికీ అలవాటే. కోనసీమలో ఆ అలవాటుకు చిరునామా ఐనవిల్లి. ద్రాక్షారామంలో యజ్ఞం చేయబోయే ముందు దక్షప్రజాపతి ఇక్కడి వినాయకుణ్ణి పూజించాడని స్థలపురాణం చెబుతుంది. పరీక్షల కాలం దగ్గరపడితే సిద్ధివినాయకుడి సన్నిధిలో వేల కొద్దీ కలాలు పెట్టి పూజ చేసి, వాటిని పిల్లలకు పంచిపెట్టడం ఈ గుడి ఆనవాయితీ. ఆ కలం అందుకునే పదో తరగతి పిల్లవాడికి చదువు రాదని కాదు భయం, చదివిందంతా ఆ మూడు గంటల్లో గుర్తుకొస్తుందా అని. మారథాన్‌కు పేరు ఇచ్చి, తొలిసారి బూట్లు కట్టుకుని ఏటిగట్టు ఎక్కినవాళ్ళది వేరే భయం. వాళ్ళింకా చదవలేదు. 42.195 కిలోమీటర్లు పరిగెత్తగల ఒళ్ళు వాళ్ళకింకా లేదు, నాలుగైదు నెలల్లో దాన్ని తయారు చేసుకోవాలి. ఈ బెరుకును పట్టించుకోవద్దని కొందరు, ధైర్యం చేసి దూకెయ్యమని కొందరు సలహా ఇస్తుంటారు. శరీరశాస్త్రం చెప్పేది ఈ రెండూ కాదు. భయం రావడంలో తప్పేమీ లేదు, అది రావలసిందే. తప్పల్లా అది వచ్చే వేళలో ఉంది. మొదటి రోజు గుండెలదరగొట్టి, నెల తిరిగేసరికి అది మాయమవుతుంది. అసలు జాగ్రత్త కావలసింది సరిగ్గా అప్పుడే.

ముందు ఆ మొదటి రోజు సంగతి చూద్దాం. ఒక్క అడుగు కూడా వేయకముందే గుండె వేగం పెరగడం అందరిలోనూ కనిపించేదే. కండరాలు ఇంకా ఏమీ అడగలేదు, అడగబోతున్నాయని మెదడు ముందే పసిగట్టింది. సింపథెటిక్ నాడీవ్యవస్థ మేలుకుంటుంది, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి, కాలేయం దాచుకున్న గ్లూకోజు బయటికొస్తుంది. పేగులకు వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది, కడుపులో తిప్పినట్టుండటానికి అదొక కారణం. అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది. వీటిని మనం భయం లక్షణాలంటాం. పది నిమిషాలు పరిగెత్తాక ఒంట్లో కనిపించేవి కూడా దాదాపు ఇవే, దడ, ఆయాసం, చెమట. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. శరీరం పనికి సిద్ధమైందని చెప్పే గుర్తులను, తన వల్ల కాదని చెప్పే గుర్తులుగా చదువుకుంటారు. గుండె దడకే భయపడే స్వభావం ఉన్న విద్యార్థుల చేత ఇరవయ్యేసి నిమిషాల చొప్పున ఆరుసార్లు ట్రెడ్‌మిల్ మీద వ్యాయామం చేయించి చూశారు, 2004లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో. ఆ ఆరుసార్లకే ఆ భయం గణనీయంగా తగ్గింది. దడ వచ్చినా ఏమీ కాలేదన్న సంగతి ఒంటికి అనుభవంలోకి రావడమే అక్కడ పనిచేసిన మందు.

ఆత్రుత ఉంటే పని చెడుతుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిలవదు. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం మనస్తత్వశాస్త్రంలో ఇప్పటికీ నిలబడింది. రెండు దారుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం నేర్పడానికి వాళ్ళు ఎలుకలకు చిన్నపాటి కరెంటు షాకు ఇచ్చారు. తేలిక పనిలో షాకు పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనిలో ఒక మోతాదు దాటాక నేర్పు దెబ్బతింది. అంటే ఉద్వేగం అసలే లేకపోయినా నష్టమే, మితిమీరినా నష్టమే. జెరెమీ జేమీసన్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకు ముందు కలిగే దడ మార్కులకు మేలే చేస్తుందని కొందరు విద్యార్థులకు చెప్పారు. ఆ ముక్క విన్నవాళ్ళు లెక్కల్లో మెరుగ్గా రాశారు. 2014లో హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ఇంకో సంగతి బయటపెట్టారు. నలుగురి ముందు పాడబోయేవాళ్ళూ మాట్లాడబోయేవాళ్ళూ 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నప్పటికంటే, 'నాకు హుషారుగా ఉంది' అనుకున్నప్పుడు బాగా రాణించారు. దడను అణచడం కష్టం, దానికి పేరు మార్చడం సులువు. 2016లో ఆవిడే సహచరులతో కలిసి చేసిన మరో అధ్యయనంలో, పని ముందు చిన్న తంతు ఒకటి జరిపించారు. తన మనసులో ఉన్నది కాగితం మీద గీసి, దానిమీద ఉప్పు చల్లి, ఐదు లెక్కపెట్టి, ఉండచుట్టి పారేయాలి. అలా చేసినవాళ్ళ ఆందోళన తగ్గింది, పని మెరుగైంది. అవే చేష్టలను తంతు అని చెప్పకుండా చేయిస్తే ఆ ఫలితం రాలేదు. కలానికి పూజ చేయించి చేతికివ్వడంలో పెద్దలకు తెలిసిన మనసు మర్మం ఎంత ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. భయమంతా మంచిదే అనేస్తే, నిజంగా ప్రమాదం ఉన్నవాళ్ళను కూడా తోసినట్టు కాదా? గుండె విషయంలో ఈ ప్రశ్న వేసుకోవలసిందే. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరిగెత్తిన 1.09 కోట్ల మంది లెక్కలు తీసి 2012లో ప్రచురించారు. వాళ్ళలో 59 మందికి పరుగులోనో, అది ముగిసిన కాసేపటికో గుండె ఆగింది. అంటే సుమారు 1,84,000 మందికి ఒకరు. మొదటి రోజు మనసులో మెదిలే భయంతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. కానీ ఆ 59 మందిలో ఎక్కువమందికి ముందునుంచీ ఉన్న గుండెజబ్బే కారణం. దక్షిణాసియా వాళ్ళకు గుండె రక్తనాళాల జబ్బు మిగతావాళ్ళ కంటే చిన్న వయసులోనే వస్తుందన్నది ఎన్నో దేశాల్లో తేలిన నిజం. అందుకని నలభైకి దగ్గరపడినవాళ్ళు, షుగరూ బీపీ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు, పరిగెడుతుండగా ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడినవాళ్ళు మొదలుపెట్టకముందే డాక్టరుకు చూపించుకుని ఈసీజీ తీయించుకోవాలి. ఆ పని అయ్యాక గుండె గురించి మొదటి రోజు భయానికి చెప్పవలసిన సమాధానం చెప్పినట్టే. మిగతా అందరికీ ముప్పు వచ్చేది గుండె వైపు నుంచి కాదు, కాళ్ళ వైపు నుంచి.

శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో శిక్షణను ఒంటబట్టించుకోవు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది. రక్తం అన్నిటికంటే త్వరగా స్పందిస్తుంది. రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది రోజులు సైకిల్ తొక్కినవాళ్ళ రక్తంలో ప్లాస్మా సుమారు 12 శాతం పెరిగిందని 1980లోనే కొలిచారు. ప్లాస్మా పెరిగితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది, అదే వేగానికి నాడి నెమ్మదిస్తుంది. అందుకే మొదటివారం కిలోమీటరుకే రొప్పినవాళ్ళు మూడో వారానికి కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తగలుగుతారు. కండరాలకు ఇంకాస్త వ్యవధి కావాలి. జాన్ హొలోజీ 1967లో ఎలుకల చేత 12 వారాలు పరుగు సాధన చేయించి, వాటి కండరాల మైటోకాండ్రియాలో శక్తినిచ్చే ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయని చూపించాడు. పిక్కను మడమకు కట్టి ఉంచే అకిలీస్ టెండాన్ దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. 1955 నుంచి 1963 వరకు జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో రేడియోకార్బన్ బాగా పెరిగింది, ఆ రోజుల్లో బతికి ఉన్న ప్రతి జీవి ఒంట్లోనూ ఆ గుర్తు పడింది. డెన్మార్క్ పరిశోధకులు ఆ గుర్తును పట్టుకుని టెండాన్ వయసు లెక్కకట్టారు. పదిహేడేళ్ళ వయసు దాటాక దాని నడిమి భాగం దాదాపుగా కొత్తగా మారదని 2013లో తేల్చారు. నలభై ఏళ్ళ మనిషి పరిగెత్తేది టీనేజీలో తయారైన టెండాన్‌తోనే. దాని చుట్టూ ఉండే పొరలు, కండరంతో కలిసే చోటు బలపడతాయి, కానీ తీరిగ్గా.

ఎముక సంగతి మరింత చిత్రం, అది బలపడే ముందు బలహీనపడుతుంది. నడకలోలా కాకుండా పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండున్నర రెట్ల తాకిడి నేల నుంచి కాలికి ఎక్కుతుంది. కిలోమీటరుకు వెయ్యికి పైగానే అడుగులు పడతాయి. ఆ తాకిడికి మోకాలి కింది పెద్ద ఎముక, టిబియాలో కంటికి కనబడని సన్నని చీలికలు వస్తాయి. వెంటనే ఆస్టియోక్లాస్టులనే కణాలు అక్కడికి చేరి, చీలిక చుట్టూ ఉన్న పాత ఎముకను కరిగించి తవ్వేస్తాయి. ఈ తవ్వకం కొన్ని వారాల్లో అయిపోతుంది. ఆ గుంటను ఆస్టియోబ్లాస్టులు నింపుకుంటూ రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఏటిగట్టు బీటవారినప్పుడు వదులైన మట్టిని తవ్వి పారబోసి, కొత్త మట్టి తెచ్చి పొరలు పొరలుగా దిమ్మిస చేస్తారు కదా. పని మంచిదే, పూర్తయ్యాక గట్టు మునుపటికంటే గట్టిది. కానీ తవ్వి ఉంచిన నాలుగు రోజుల్లో వరదొస్తే తెగేది అక్కడే. పరుగు మొదలెట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కాలి ఎముక తవ్వి ఉంచిన గట్టే. అదే సమయానికి రక్తం, గుండె, ఊపిరి హాయిగా కుదుటపడి ఉంటాయి, మనిషికి హుషారు పెరిగి ఉంటుంది, మొదటినాటి బెరుకు గుర్తుకు కూడా రాదు. వరద వదిలేది ఆ హుషారే.

ఇది ఊహ కాదనడానికి సైన్యాలే సాక్ష్యం. 1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, కొత్తగా చేరిన సిపాయిలకు కవాతుల తరవాత పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని వర్ణించాడు. ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా 40 ఏళ్ళుంది, కనుక అవి ఎముక చిట్లడం వల్ల వచ్చిన వాపులని ఆయనకు తెలిసే వీలు లేదు. ఇజ్రాయెల్ సైన్యంలో చేరిన 295 మంది యువకులను 14 వారాల శిక్షణ పొడుగునా పరీక్షించిన చార్లెస్ మిల్‌గ్రోమ్ బృందం, వాళ్ళలో 31 శాతం మందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు, అంటే పదేపదే పడే తాకిడికి ఎముకలో వచ్చే చిట్లుళ్ళు, వచ్చాయని 1985లో తేల్చింది. వీళ్ళు ఆరోగ్య పరీక్షలన్నీ గెలిచి వచ్చిన కుర్రాళ్ళు. ఊపిరికీ గుండెకూ లోటు లేదు. లోటంతా ఎముకకు దొరకని వ్యవధిదే.

మన తాత ముత్తాతలు చెప్పుల్లేకుండా మైళ్ళకు మైళ్ళు నడిచారు, వాళ్ళకేమీ కాలేదు కదా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను వట్టి కాళ్ళతోనే గెలిచాడు. నిజమే, అయితే ఈ ఉదాహరణలు నా వాదాన్ని బలపరిచేవే. వాళ్ళు మైళ్ళు నడవడం మొదలుపెట్టింది ముప్పై ఏళ్ళొచ్చాక కాదు, ఎముక ఎదిగే వయసులో. ఇజ్రాయెల్ సైనికుల్లోనే, చేరకముందు రెండేళ్ళకు తక్కువ కాకుండా బాస్కెట్‌బాల్ వంటి ఆటలు ఆడినవాళ్ళకు స్ట్రెస్ ఫ్రాక్చర్లు మిగతావాళ్ళలో సగం కూడా రాలేదని తరవాతి అధ్యయనాల్లో తేలింది. గెంతడం, ఆగడం, పక్కకు తిరగడం ఎముకను అన్ని వైపుల నుంచీ గట్టిపరుస్తాయి. చిన్నప్పటి నుంచి వాలీబాల్, కబడ్డీ ఆడిన కోనసీమ కుర్రాడికి ఆ పెట్టుబడి ఉంది. ఆఫీసు కుర్చీలో పదేళ్ళు గడిపి వచ్చినవాళ్ళకు లేదు. ఇక తెల్లవారుజామున కాలవ గట్ల మీద పోలీసు ఉద్యోగాలకు సాధన చేసే యువకుల మాట చెప్పాలి. కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. దానికి తయారైన కుర్రాడి గుండె గట్టిది, ధైర్యం ఇంకా గట్టిది. మారథాన్ దానికి 26 రెట్లకు పైన. అతని ఊపిరి ఎంత దూరమైనా పదమంటుంది, అతని ఎముక చూసింది మాత్రం రోజుకు కొద్ది నిమిషాల తాకిడినే. ఊపిరికీ ఎముకకూ మధ్య ఎడం అందరికంటే ఎక్కువ ఉండేది ఇలాంటివాళ్ళకే, కనుక ఎక్కువ ఓపిక పట్టవలసిందీ వీళ్ళే.

మన నేల, మన వాతావరణం ఈ లెక్కను ఇంకాస్త చిక్కు చేస్తాయి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. దానికి ఏప్రిల్ నడుమ సాధన మొదలుపెడితే ఆరు నుంచి ఎనిమిదో వారం సరిగ్గా రోహిణి కార్తెలో పడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. గాలిలో తేమ నిండి ఉన్న డెల్టాలో చెమట ఆవిరి కాదు, కారిపోతుంది, కారిన చెమట చల్లబరచదు. ఒంటిని చల్లార్చడానికి గుండె చర్మం వైపు రక్తం తోలవలసి వస్తుంది, అదే వేగానికి నాడి పెరుగుతుంది. మారథాన్‌లో మంచి సమయాలు నమోదయ్యేది ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపు ఉన్నప్పుడు. సంక్రాంతి నాటి తెల్లవారుజామున కూడా ఐనవిల్లిలో అంత చలి ఉండదు. చల్లని దేశాల పట్టికలు పట్టుకుని ఇక్కడ పరిగెత్తినవాళ్ళు, వేగం అందనప్పుడు తప్పు తమదే అనుకుని మరింత గట్టిగా పరిగెడతారు. ఒళ్ళు వేడికి అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుందనీ, ఆ తరవాత కూడా వేగం కొంత తగ్గే ఉంటుందనీ ముందే తెలిస్తే ఆ అనవసరపు పోటీ ఉండదు. ఏడాది చివర్లో జరిగే విశాఖ నేవీ మారథాన్‌ను ఎంచుకుంటే సాధన తొలి వారాలు గోదావరి వరదల్లో పడతాయి. ఐనవిల్లి దగ్గరి ఎదురుబిడియం కాజ్‌వే మునిగిందంటే లంకవాసులకు పడవే దిక్కు, పరుగు మాట ఎవరికీ గుర్తుండదు. వారం పదిరోజులు ఆగిపోయిన పరుగును నీళ్ళు తీశాక ఒక్క ఆదివారంలో కూడబెట్టుకోవాలన్న తొందర అప్పుడు పుడుతుంది.

ఆ తొందర ఖరీదు ఎంతో ఈ మధ్యే తేలింది. వారానికి 10 శాతం కంటే దూరం పెంచొద్దన్న సూత్రం పరుగువాళ్ళ నోళ్ళలో చాలాకాలంగా నానుతోంది. నెదర్లాండ్స్‌లో 500 మందికి పైగా కొత్తవాళ్ళ మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. 13 వారాలు మెల్లగా పెంచినవాళ్ళకూ, 8 వారాల్లో త్వరగా పెంచినవాళ్ళకూ గాయాలు దాదాపు సమానం, రెండు గుంపుల్లోనూ ఐదుగురిలో ఒకరికి. మెల్లగా వెళ్ళమన్న నా వాదానికి ఇది ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ 2025లో వెలువడిన అధ్యయనం, 5,200 మంది పరుగువాళ్ళ గడియారాల్లో నమోదైన పరుగులను ఏడాదిన్నర పాటు చూసి, చిక్కుముడిని కొంత విప్పింది. వారం మొత్తం దూరం పెరగడానికీ గాయాలకూ స్పష్టమైన సంబంధం కనబడలేదు. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన దూరాన్ని ఒకే పరుగులో 10 శాతానికి మించి దాటినప్పుడు మాత్రం గాయాలు పెరిగాయి. రెట్టింపు చేసినప్పుడు ముప్పు కూడా రెట్టింపు దాటింది. అంటే వారం లెక్క కంటే ఆ ఒక్క ఆదివారం లెక్క ముఖ్యం. ఎలుకల మీద అలెగ్జాండర్ రాబ్లింగ్ చేసిన ప్రయోగాలు కూడా ఈ దారికే వస్తాయి. రోజుకు 360 తాకిళ్ళను ఒకేసారి ఇచ్చినప్పటికంటే, 90 చొప్పున నాలుగు దఫాలుగా ఎడం ఇచ్చినప్పుడు ఎముక ఎక్కువగా పెరిగింది. కొన్ని పదుల తాకిళ్ళయ్యాక ఎముక కణాలు స్పందించడం మానేస్తాయి, మళ్ళీ తెలివిలోకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎలుకకు చెల్లినదంతా మనిషికి చెల్లుతుందని అనను. అయినా తొలి రెండు నెలలు ఒక పెద్ద పరుగును పొద్దున కొంత, సాయంత్రం కొంతగా విడగొట్టడానికి ఇది చాలినంత కారణం. వేగానికి యంత్రాలేవీ అక్కర్లేదు, పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెడితే చాలు.

ఇంతకీ సన్నాహం అంటే కిలోమీటర్ల పట్టిక ఒక్కటే కాదు. తవ్విన చోటును నింపడానికి ముడిసరుకు కావాలి. బరువు తగ్గాలని తిండి తగ్గించి, అదే నెలలో పరుగు పెంచడం ఎముకకు రెండు వైపుల దెబ్బ. ముఖ్యంగా అమ్మాయిల్లో ఖర్చుకు తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముక పలచబడుతుంది. నెలసరి తప్పడం సాధన బాగా జరుగుతోందనడానికి గుర్తని ఎవరైనా చెబితే నమ్మకూడదు, అది డాక్టరును కలవమని చెప్పే గుర్తు. ఎండ దండిగా ఉన్న మన దేశంలోనూ విటమిన్ డి లోపం విస్తారంగా ఉంది. కాల్షియం ఇచ్చే పాలు, పెరుగు, ముళ్ళతో నమిలే చిన్న చేపలు, రాగులు, వీటికి కొరత లేని చోట కూడా పరుగువాళ్ళ పళ్ళెంలో అవి ఉన్నాయో లేదో చూసుకోవాలి. నిద్ర కూడా తిండితో సమానమే.

ఇక మూడో వారం దాటాక, హుషారుగా ఉన్న రోజునే, ఒక పరీక్ష చేసుకోవాలి. కూర్చుని, మోకాలి కింద ముందువైపు ఎముక లోపలి అంచు వెంబడి వేలి కొసతో పైనుంచి కిందికి నొక్కుతూ రావాలి. జానెడు మేర సలుపుగా ఉంటే అది చాలావరకు ఎముక పైపొర ఒత్తిడికి లోనైందనడానికి సూచన, కొన్నాళ్ళు దూరం తగ్గిస్తే సర్దుకుంటుంది. నొప్పి రూపాయి బిళ్ళంత చోటులో గుచ్చినట్టుంటే, ఒంటికాలి మీద గెంతినప్పుడు అక్కడే కలుక్కుమంటే, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే ఆ రోజుతో పరుగు ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదని వస్తే సంతోషించి తిరిగి గట్టెక్కకూడదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకు తరచుగా అందదు, ఎంఆర్ఐలో ముందే కనబడుతుంది. ఆ దశలో పట్టుబడితే చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది, ఈ ఏడాది మారథాన్ తప్పిపోయినా వచ్చే ఏడాది దానికి కాలు ఉంటుంది.